దేశానికి అని రాసింది నేనే

నా చేతిరాత బాగుంటుందని నాకు చిన్నప్పటి నుంచీ పొగరు. మా బడిలో బోర్డు రాయాలన్నా, రిటైరయ్యే సారుకు సన్మానపత్రం రాయాలన్నా నన్నే పిలుస్తారు. నేను రెండుసార్లు కాదని బెట్టుచేసి, మూడోసారికి పెన్ను అందుకుంటాను. ఆ పొగరు వల్ల ఒక మనిషికి ఏం జరిగిందో చెప్పుకోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఎవరికీ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

మాది కడప జిల్లా, రాజంపేట వైపు. పెళ్ళయి ఆదోనికి వచ్చాను. ఉద్యోగమంతా ఆలూరు చుట్టుపక్కల పల్లెల్లోనే గడిచింది. ఇప్పుడున్న పల్లెకు రెండోసారి బదిలీ మీద వచ్చాను. వాన పడితే పంట, లేకపోతే సుగ్గి. సుగ్గి అంటే ఇక్కడివాళ్ళు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోయే వలస. ఇంటికి తాళం వేసి, ముసలివాళ్ళను, బడి పిల్లలను వదిలి మూడు నాలుగు నెలలు పోతారు. ఆ పిల్లలకు బడిలోనే తిండి, పడక. ఆ నెలల్లో ఊరు బోసిగా ఉంటుంది, బడి మాత్రం సంతలా ఉంటుంది.

ఆ బడిలో వంట చేసే ఆమె గురించే ఇదంతా. ఊళ్ళో అందరూ కలకత్తామె అంటారు. పిల్లలు అత్తా అంటారు. ఆమె భర్త లారీ డ్రైవరు. కర్నూలు మార్కెట్టు నుంచి ఉల్లిగడ్డలు, ఇక్కడి మాటలో ఎర్రగడ్డలు, బెంగాలులో దేశ సరిహద్దు దాకా తోలేవాడు. ఒక ఏడాది ఎగుమతి ఆపేశారు. లారీలు సరిహద్దు దగ్గర వారాల తరబడి నిలబడిపోయాయి, సరుకు కుళ్ళిపోయింది. కుళ్ళినవి ఏరి పారేయడానికి కూలికి వచ్చిన ఆడపిల్లల్లో ఈమె ఒకతి. అతను ఎర్రగడ్డలు పారబోసి, పెళ్ళాన్ని తీసుకుని తిరిగొచ్చాడు. అతనిది పాత క్రైస్తవ కుటుంబం, రెండెకరాల చేను. చర్చిలో పెళ్ళి చేశారు. అమ్మానాన్నలు ఎవరని పాస్టరుగారు అడిగితే లేరని చెప్పిందట. అంతటితో ఆయన ఊరుకున్నారు.

నేను ఆమెను మొదట చూసేనాటికే ఆమె ఈ ఊరి మనిషి అయిపోయింది. జొన్నరొట్టె చేత్తో తట్టడంలో ఊళ్ళో ఆమె తర్వాతే ఎవరైనా. మాట కూడా అంతే. నేను కడప యాసలో ఏదో అంటే నవ్వేది. డబ్బులు అని నోరు జారితే, దుడ్లు అనాల మేడం, ఈడ అట్లే అంటారు అని నాకే దిద్దేది. ఈ దేశంలో పుట్టిన నేను పరాయిదానిలా మాట్లాడుతుంటే, ఎక్కడో పుట్టిన ఆమె నాకు ఊరి మాట నేర్పేది. ఒక్క విషయంలో మాత్రం ఆమె ఊరి ఆడవాళ్ళలా ఉండేది కాదు. తుంగభద్ర కాలువలో ఎవరిదో బిందె కొట్టుకుపోతే చీర దోపుకుని దూకి, ఈదుకుంటూ పోయి తెచ్చింది. ఈ ఎండు నేలమీద ఈత వచ్చిన ఆడది మా ఊళ్ళో ఇంకొకరు లేరు. ఊరంతా మెచ్చుకున్నారే గానీ, ఈత ఎక్కడ నేర్చుకున్నావని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. నేను టీచర్ని, ఓటర్ల జాబితా పని కూడా నాదే. అడిగి తెలుసుకున్నది ఎప్పుడో ఒకప్పుడు ఎక్కడో ఒకచోట రాయాల్సి వస్తుందని నాకు భయం.

అడక్కుండానే ఆమె చెప్పింది. కరోనా మొదటి ఏడాది అది. గుంటూరు నుంచి సుగ్గివాళ్ళు ఒక్కసారిగా తిరిగొచ్చారు. వాళ్ళను ఊళ్ళోకి రానీయకుండా మా బడిలోనే ఉంచారు. సొంత అన్నదమ్ములే గేటు బయట నిలబడి, దూరం నుంచి మాట్లాడి పోయేవాళ్ళు. వంట చేయడానికి, గదులు కడగడానికి ఎవరూ రాలేదు. ఈమె వచ్చింది. ఎవరూ పిలవలేదు, వచ్చి పొయ్యి వెలిగించింది. నేను వచ్చానంటే నా పేరు డ్యూటీ చీటీలో ఉంది కాబట్టి. లేకపోతే వచ్చేదాన్ని కానేమో, అబద్ధం ఎందుకు. ఒక ముసలాయన జ్వరంతో మంచం పట్టి పక్క పాడుచేసుకుంటే, ఆయన కోడలు ముక్కు మూసుకుని వరండాలో కూర్చుంది. ఈమె లోపలికి పోయి కడిగి, గుడ్డలు మార్చి, గంజి తాగించి బయటికొచ్చింది.

ఒక మధ్యాహ్నం ఇద్దరం దూరందూరంగా కూర్చుని ఎర్రగడ్డలు కోస్తున్నాం. వాసన తగిలి ఆమె నవ్వింది. ఎందుకు నవ్వుతున్నావంటే మొగుడు గుర్తొచ్చాడంది. మాట మీద మాట వచ్చి, ఆ సరిహద్దుకు తాను ఇవతలి మనిషిని కాదని చెప్పింది. అవతల వాళ్ళ ఇల్లు నదిలో కలిసిపోయిందట. చిన్నాన్న వెంట, పావడా తలకు చుట్టుకుని, ఏటి పాయ ఈది వచ్చిందట. చిన్నాన్న తర్వాత ఏమయ్యాడో తెలియదట. భర్తకు తెలుసు, ఇప్పుడు మీకు తెలుసు అంది. గేటు వైపు ఒకసారి చూశాను. ఈ మాట ఇంకెవరి దగ్గరా ఎత్తొద్దు అన్నాను.

ఆమె కత్తిపీట ఆపి అడిగింది. "అట్లయితే నేను ఏ దేశం దాన్ని మేడం?"

నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పే అలవాటు టీచర్లకు తక్కువ. ఈ దేశం పిల్లలకు వండిపెడుతున్నావు, ఈ దేశం ముసలాళ్ళ మలమూత్రాలు ఎత్తుతున్నావు, ఇంకే దేశం నీది అని గొప్పగా అన్నాను. ఆమె మొహం విచ్చుకుంది. నేను కూడా ఏదో మంచి పని చేసినదానిలా ఉప్పొంగిపోయాను.

ఆ ఆగస్టు పదిహేనుకు పంచాయతీవాళ్ళు కరోనాలో పనిచేసినవాళ్ళకు ప్రశంసాపత్రాలు ఇవ్వాలనుకున్నారు. ఆలూరు జిరాక్స్ షాపులో అంచుకు పూలు, పైన మూడు రంగులు వేసి అచ్చుకొట్టించి, ఖాళీలు నింపమని నాకు తెచ్చి ఇచ్చారు. ఫలానావారు విపత్తు సమయంలో ఫలానాకు అందించిన సేవలకు గుర్తింపుగా అని ఉంది. అందరి పత్రాల్లోనూ "గ్రామానికి" అని రాసుకుంటూ పోయాను. ఆమెది వచ్చేసరికి ఆ ప్రశ్న గుర్తొచ్చింది. పెన్ను కాసేపు ఆపి, "దేశానికి" అని రాశాను. అక్షరాలు ముత్యాల్లా కుదిరాయి.

జెండా ఎగరేశాక ఆమె పత్రం తీసుకుని నా దగ్గరికి వచ్చి చదివి చెప్పమంది. చదివాను. దేశానికి అన్న మాట దగ్గర వేలుపెట్టి చూపించాను. ఆమె కళ్ళనిండా నీళ్ళు. "దాచిపెట్టుకో. ఇది ఉంటే నిన్ను ఎవరూ ఏమీ అనరు" అన్నాను. ఒక పూట సంతోషం కోసం అన్న మాట అది. ఇంటికి వచ్చి అన్నం తిని మర్చిపోయాను. ఆమె మర్చిపోలేదు. మరుసటి వారం ఆలూరు పోయి దానికి లామినేషన్ చేయించి, ఇంట్లో ఏసుప్రభువు పటం పక్కన మేకుకు తగిలించింది.

తర్వాతి ఏడాది ఆమె భర్త గుండెపోటుతో పోయాడు. కూతురు ఒక్కతే. ఆలూరు ఆసుపత్రిలో పుట్టింది, మా బడిలో చదివింది, ఇప్పుడు కర్నూల్లో నర్సింగు చదువుతోంది. నా క్లాసులో కూర్చున్న పిల్లే. నా రాతను చూసి దిద్దుకుని, నాకంటే బాగా రాసేది.

ఈ మధ్య ఓటర్ల జాబితాను మొదటి నుంచీ సరిచూడమని ఉత్తర్వు వచ్చింది. ఇంటింటికీ ఫారాలు పంచి, నింపించి తేవాలి. ఇరవై ఏళ్ళ కిందటి పాత జాబితాలో మీ పేరో, మీ అమ్మానాన్నల పేరో ఉందా అన్నది అందులో అసలు ప్రశ్న. లేకపోతే ఎక్కడ పుట్టారో రుజువు చూపాలి. ఆధార్ ఉందనీ, రేషన్ కార్డు ఉందనీ, మూడుసార్లు ఓటేశారనీ చెప్తే సరిపోదు. కూతురికి దిగులు లేదు. పాత జాబితాలో తండ్రి పేరు ఉంది, పుట్టిన పత్రం ఉంది. తల్లికి ఏమీ లేదు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి. నాకు తెలిసిన వకీలును వేరే ఎవరి గురించో అడుగుతున్నట్టు అడిగాను. ఆ పిల్ల పుట్టిన ఏడాదిని బట్టి చూస్తే, తల్లి దొంగచాటుగా సరిహద్దు దాటి వచ్చిందని తేలిందంటే పిల్ల ఇక్కడ పుట్టినా ఈ దేశస్థురాలు కాకుండా పోతుందని చెప్పాడు. ఉద్యోగం సంగతి తర్వాత, మనిషే ఏ లెక్కలోకీ రాదు.

ఫారం తీసుకుని వాళ్ళింటికి పోయినప్పుడు ఆమె ఏ మాత్రం బెదరలేదు. పుట్టిన చోటు అన్న గడి దగ్గర నేను ఆగిపోతే, లేచి మేకు మీది పత్రం తీసి కొంగుతో తుడిచి నా ముందు పెట్టింది. ఇది ఉంది కదా అన్నట్టు నా మొహంలోకి చూసింది. నిజం చెప్పాల్సిన క్షణం అదే. చూద్దాంలే అన్నాను. గడి ఖాళీగా వదిలేసి, సంతకం పెట్టించుకుని వచ్చేశాను. అంత పిరికితనం నాలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఖాళీ గడి ఊరికే పోదు కదా. ఆలూరులో విచారణకు రమ్మని ఆమెకు నోటీసు వచ్చింది. ఆ ప్రాంతం ఓటర్ల జాబితా చూసే బీఎల్వోగా నేనూ పోవాలి. పొద్దున ఆటోలో ఇద్దరం పోయాం. పెళ్ళికి కట్టే చీర కట్టుకుంది. పత్రాన్ని తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుంది. ఆఫీసు తెరవడానికి ఇంకా సమయం ఉందని పక్కన హోటల్లో ఉగ్గాని తింటూ కూర్చున్నాం. అక్కడ చెప్పింది, లోపల ఏం చెప్పాలనుకుంటోందో.

"అంతా నిజమే సెప్తా మేడం. నది దాటి వచ్చినానని సెప్తా. దాపెట్టేది నాకు శాతకాదు. ఇన్నేండ్లు ఈడ సేసినా గదా. ఈ కాగితం సూపిస్తే వాళ్ళే రాసుకుంటారు, ఈమె ఈ దేశం మనిషే అని."

ఆమె మొహంలో ఎంత ధైర్యం ఉందంటే, చేసిన పనికి తగిన కూలి అడగడానికి పోతున్న మనిషిలా ఉంది. ఆమె అడుగుతున్నది అన్యాయమైన కోరికేమీ కాదు. కొన్ని దేశాల్లో కాగితాల్లేనివాళ్ళు సైన్యంలో చేరి సేవ చేస్తే పౌరసత్వం ఇస్తారని నేనెక్కడో చదివాను. ఈమె చేసింది దానికి ఏం తక్కువ? కానీ మనకు అలాంటి గడి ఏ ఫారంలోనూ లేదు. ఇక దాచి లాభం లేదని గబగబా చెప్పేశాను. ఆ కాగితానికి ఏ బలమూ లేదని, షాపులో అచ్చుకొట్టిన ఖాళీల్లో నేను నింపిందేనని, దేశానికి అన్న మాట నా సొంతంగా రాసిందని చెప్పాను. నది సంగతి ఎత్తితే కూతురు కూడా పోతుందని చెప్పాను.

ఆమె ప్లేటు పక్కకు జరిపింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "మీరే గదా మేడం సెప్పింది, ఇది ఉంటే నిన్ను ఎవురూ ఏమీ అనరని."

అవును, నేనే చెప్పాను. ఆమెను ఓదార్చడానికి మాత్రమే కాదు, నా మీద నాకు కలిగిన ముచ్చటతో చెప్పాను. ఆ మాట ఆమెతో అనలేకపోయాను. హోటలతను వచ్చి టీలు పెట్టిపోయాడు. ఆమె టీ తాగలేదు. "బిడ్డది పోకుంటే సాలు" అని లేచింది.

అధికారి చెడ్డవాడేం కాదు. ఇప్పటికి ఎంతమందిని విచారించాడో, కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. కూర్చోమ్మా అన్నాడు. మీది ఏ ఊరు అన్నాడు. ఈ ఊరే సార్ అని మా పల్లె పేరు చెప్పింది. పుట్టింది ఎక్కడ అన్నాడు. ఆమె సంచిలో నుంచి తువ్వాలు తీసి, పొర విప్పి, పత్రం ఆయన ముందు పెట్టింది. పనికిరాదని తెలిసీ ఎందుకు పెట్టిందో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడైతే అనిపిస్తుంది, ఆమె దగ్గర చెప్పడానికి మిగిలిన నిజం అదొక్కటే.

ఆయన పత్రాన్ని పూర్తిగా చదివాడు. చేతిరాత భలే ఉందే, ఎవరు రాశారు అన్నాడు. నేనే సార్ అన్నాను. జీవితంలో మొదటిసారి నా రాతను మెచ్చుకుంటే నేలలోకి కుంగిపోవాలనిపించింది. మంచి పని చేశావమ్మా, ఇలాంటివాళ్ళు ఉండబట్టే ఊళ్ళు నిలబడ్డాయి అని ఆమెతో అన్నాడు. కానీ నాకు కావలసింది పుట్టిన చోటికి రుజువు అని పత్రం వెనక్కి జరిపాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"టీచర్, మీరు చాలా ఏళ్ళుగా అక్కడే ఉన్నారు కదా. ఈమె అసలు ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలుసా?"

ఆమె నన్నే చూస్తోంది. ఆ ఏటి పాయ, తలకు చుట్టుకున్న పావడా, తిరిగిరాని చిన్నాన్న, అన్నీ నాకు తెలుసు. ఆమె కాక ఈ లోకంలో ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు. "తెలీదు సార్" అన్నాను.

కూతురి కోసమే అన్నాను. ఆమెకూ ఆ సంగతి తెలుసు. అయినా ఆ రెండు మాటలు వినగానే ఆమె చూపు నా మీది నుంచి తప్పుకుని కిటికీ వైపు పోయింది. ఇన్నేళ్ళు పక్కపక్కన కూర్చుని ఎర్రగడ్డలు కోసిన మనిషి, నువ్వెవరో నాకు తెలియదని నలుగురిలో చెప్పినట్టయింది. ఆయన రాసుకున్నాడు. తగిన ఆధారాలు లేవు. కూతురి ఫారం చూసి, తండ్రి వైపు సరిగ్గా ఉంది, దీనికి ఇబ్బంది లేదన్నాడు. ఆమె రెండు చేతులూ జోడించి దండం పెట్టింది.

తిరుగు దారిలో ఆటోలో నేను ఏదో అనబోతే, వంకాయలు ముదిరిపోతాండాయి, రేపు పిల్లోళ్ళకు అవే వండాల అంది.

జాబితా వచ్చింది. బడి గోడకు అతికించింది కూడా నేనే. కూతురి పేరు ఉంది, తల్లి పేరు లేదు. పై అధికారికి అప్పీలు పెట్టుకోవచ్చు. పెడదామా అని అడిగాను. మళ్ళా అడుగుతారు గదా మేడం, మళ్ళా మీరు తెలీదనాల్సి వస్తాది అంది.

నెల రోజుల తర్వాత సుగ్గి మొదలైంది. ట్రాక్టర్లు, బొలెరోలు నింపుకుని ఊరు గుంటూరు దారి పట్టింది. పిల్లలు పెట్టెలు, దుప్పట్లు మోసుకుని బడికి వచ్చారు. ఆ రోజు ఆమె అందరికంటే ముందు వచ్చి వంటగది కడిగింది. రాదేమోనని నేను భయపడ్డాను. ఎందుకు రావాలి అని కూడా నాలో నేను అనుకున్నాను. గిన్నెలు బోర్లించాక నా దగ్గరికి వచ్చి, సంచిలో నుంచి అదే తువ్వాలు తీసి నా టేబులు మీద పెట్టింది. మీ అచ్చరాలే గదా మేడం, మీ కాడే ఉండనీండి అంది.

నాకు ఏడుపు ఆగలేదు. పిల్లలు చూస్తున్నారన్న సంగతి కూడా మరిచిపోయి, నన్ను క్షమించు, నీకు లేనిపోని ఆశ పెట్టాను, ఆ రోజు నేను అన్న మాట అబద్ధం అన్నాను.

ఆమె నా ఎదురుగా వచ్చి నిలబడింది. కోపం లేదు, ఎత్తిపొడుపు అంతకన్నా లేదు. లెక్క సరిచూసి చెప్పినట్టు చెప్పింది.

"అబద్ధం యాడుండాది మేడం. ఎవురూ నన్ను ఏమీ అనలేదు. కూర్చోమన్నారు, మంచిదానివన్నారు. పేరు మటుకే తీసేసినారు."

తర్వాత ఈసారి ఎంతమంది పిల్లలు వచ్చారని అడిగి, దానికి తగ్గట్టు బియ్యం కొలుచుకోవడానికి లోపలికి పోయింది.